ఈథర్ మొదట వాడింది మోర్టన్ అని కీ ఇచ్చారు, ఇది కరెక్టేనా?

పెన్నా_పిల్లోడు
మా కాలేజీలో (అనంతపురమే, పేరెందుకులే) సైన్స్ క్విజ్ పెట్టారు. ప్రశ్న: ఆపరేషన్‌లో మత్తు కోసం ఈథర్‌ను మొట్టమొదట వాడిన డాక్టర్ ఎవరు? ఆప్షన్లు మోర్టన్, క్రాఫోర్డ్ లాంగ్, సింప్సన్, లిస్టర్. నేను లాంగ్ అని పెట్టినా. కీలో మోర్టన్ అని ఉంది. ఒక్క మార్కుతో ఫైనల్ పోయింది. వెళ్లి అడిగితే "ఇంటర్ బుక్కుల్లో కూడా మోర్టనే ఉంటాడు, పో" అన్నారు. రేపు సాయంత్రం లోపల అబ్జెక్షన్ రాసివ్వొచ్చు. తెలిసినవాళ్లు చెప్పండి, ఇవ్వాలా వద్దా?

ఉగ్గాని_బజ్జి
ఆన్సర్ కీతో కొట్లాడి గెలిచినోణ్ణి నేనింతవరకు చూడలేదు తమ్ముడూ. పోయి బజ్జీ తిను.

మత్తు_డాక్టర్
ఇవ్వు. నీ జవాబే కరెక్టు, ప్రశ్న నువ్వు రాసినట్టే ఉంటే మాత్రం.

క్రాఫోర్డ్ లాంగ్ అమెరికాలో జార్జియా రాష్ట్రంలో జెఫర్సన్ అనే చిన్న ఊళ్లో డాక్టరు. అప్పట్లో అక్కడి కుర్రాళ్లు సరదాకి ఈథర్ పీల్చి ఊగేవాళ్లు, దానికోసం పార్టీలే జరిగేవి. ఆ ఊపులో కింద పడి మోకాళ్లు చీరుకుపోయినా వాళ్లకి నొప్పే తెలియడం లేదని లాంగ్ కనిపెట్టాడు. 1842 మార్చి 30న జేమ్స్ వెనబుల్ అనే మనిషికి టవల్ మీద ఈథర్ పోసి పీల్పించి మెడ మీద గడ్డ తీసేశాడు. ఆ తర్వాత ఇంకొన్ని ఆపరేషన్లు కూడా అట్లాగే చేశాడు. కానీ ఎక్కడా రాయలేదు. రాసింది 1849లో.

మోర్టన్ పళ్ల డాక్టరు. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో నిండు గ్యాలరీ ముందు గిల్బర్ట్ అబట్ అనే రోగికి ఈథర్ ఇచ్చాడు. కత్తి పట్టింది జాన్ కాలిన్స్ వారెన్ అనే పెద్ద సర్జన్. అయిపోయాక ఆయన గ్యాలరీ వైపు తిరిగి "ఇది బూటకం కాదు" అన్నాడని చెబుతారు. కొద్ది నెలల్లో ప్రపంచమంతా పాకింది. డిసెంబర్ 21కే లండన్‌లో రాబర్ట్ లిస్టన్ ఈథర్ కింద కాలు తీసేశాడు. 1847 మార్చిలో మన కలకత్తా మెడికల్ కాలేజీలో ఇచ్చారు. ఫోన్ లేదు, విమానం లేదు, ఓడ మీద వచ్చిన కబురు అది.

కాబట్టి "మొదట వాడింది" అంటే లాంగ్. "మొదట బహిరంగంగా చూపించింది" అంటే మోర్టన్. మా మత్తు డాక్టర్లు పండగ చేసుకునేది మాత్రం అక్టోబర్ 16నే.

కొండారెడ్డి_బురుజు
నాకు ఇది ఒప్పుకోబుద్ధి కావట్లేదు డాక్టర్ గారూ. ఏడేళ్లు జేబులో పెట్టుకుని కూర్చున్న మనిషికి పేరెందుకివ్వాలి? ఆ ఏడేళ్లలో కత్తి కింద అరుస్తూ చచ్చినవాళ్ల లెక్క ఎవరు చెప్పాలి? మోర్టన్ చూపించకపోతే లాంగ్ పేరు ఈరోజు మీరూ చెప్పరు, నేనూ చెప్పను.

మత్తు_డాక్టర్
@కొండారెడ్డి_బురుజు పేరు ఎవరికి దక్కాలనేది వేరే పేచీ. ప్రశ్నలో ఉన్నది "మొదట వాడింది ఎవరు" అని. పల్లెటూరి డాక్టరుకి అన్ని కేసులు రావు, మెస్మరిజం (చేతులు ఊపుతూ మనిషిని మత్తులోకి పంపడం) వల్ల కూడా నొప్పి పోతుందని జనం నమ్ముతున్న రోజులవి, ఇంకొన్ని కేసులు చేసి ఇది ఈథర్ పనేనా అని తేల్చుకుందామనుకున్నానని ఆయనే రాసుకున్నాడు. అది తప్పెట్లా అవుతుంది?

ఉగ్గాని_బజ్జి
మెస్మరిజంతో ఆపరేషనా? సామీ, ఇదేం కథ?

మత్తు_డాక్టర్
కథ కాదు. జేమ్స్ ఎస్డెయిల్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు, 1845 నుంచి బెంగాల్లో హుగ్లీలో మెస్మరిజం చేసి పెద్ద పెద్ద బోదకాలు గడ్డలు తీసేవాడు. ప్రభుత్వం కలకత్తాలో దానికి ఒక ఆసుపత్రి కూడా ఇచ్చింది. ఈథర్ వచ్చాక ఎవరూ అటు చూడలేదు. గంటల తరబడి చేతులు ఊపడం కన్నా సీసా సులువు.

తుంగభద్ర_తీరం
మోర్టన్‌ని మరీ మహానుభావుణ్ణి చేయకండి. ఆయన తెచ్చింది మామూలు ఈథరే, దానికి రంగు, సువాసన కలిపి "లీథియన్" అని పేరు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. లోపల ఏముందో చెప్పను అన్నాడు. ఈథర్ వాసన దాగుతుందా? ముక్కున్న ప్రతివాడికీ తెలిసిపోయింది. ఆసుపత్రి వాళ్లు కూడా అదేంటో చెబితేగానీ పెద్ద ఆపరేషన్లకు వాడం అని కూర్చున్నారు, అప్పుడు చెప్పాడు. తర్వాత జీవితమంతా అమెరికా కాంగ్రెస్ చుట్టూ లక్ష డాలర్లు ఇప్పించండి అని తిరిగాడు. పైసా రాలేదు.

పైగా చార్లెస్ జాక్సన్ అని ఆయనకు కెమిస్ట్రీ చెప్పిన పెద్దమనిషి, ఐడియా నాది అని అడ్డం తిరిగాడు. ఈ జాక్సనే టెలిగ్రాఫ్ ఐడియా కూడా నాదే అని మోర్స్‌తో గొడవ పడ్డాడు. చివరికి పిచ్చాసుపత్రిలో పోయాడు. మోర్టన్ పాత పార్ట్‌నర్ హోరేస్ వెల్స్ ఇంకా పాపం. నవ్వించే గ్యాస్‌తో పన్ను పీకి చూపిస్తానని 1845లో బోస్టన్‌లో స్టూడెంట్ల ముందు నిలబడితే గ్యాస్ సరిగ్గా ఎక్కక రోగి అరిచాడు, అందరూ ఎగతాళి చేశారు. మూడేళ్లకు క్లోరోఫామ్ మత్తుకు అలవాటు పడి, జైల్లో ప్రాణం తీసుకున్నాడు.

ఈ నలుగురిలో ప్రశాంతంగా ప్రాక్టీస్ చేసుకుని బతికింది లాంగ్ ఒక్కడే.

కడప_కారం
అంటే నొప్పి లేకుండా చేసే మందు కనిపెట్టి ఒకరికొకరు నొప్పి పెట్టుకున్నారన్న మాట. మా ఊళ్లో పొలం గట్టు కాడ కూడా ఇట్లనే.

పెన్నా_పిల్లోడు
@మత్తు_డాక్టర్ థాంక్స్ సార్. అబ్జెక్షన్ రాస్తున్నా. 1842, 1846 రెండు తేదీలూ పెట్టేస్తా.

సిస్టర్_కర్నూలు
మీరంతా బోస్టన్ గురించి మాట్లాడుతున్నారు, నేను ఈ చేతులతో ఈథర్ పట్టినదాన్ని. డెబ్బైల్లో కర్నూలు పెద్దాసుపత్రిలో నర్సింగ్ చదివి థియేటర్లో పడ్డాను. అప్పటికి వేరే మందులు వచ్చినా, ఈథర్ ఇంకా బాగా నడుస్తూనే ఉండేది.

కంచె లాంటి చిన్న తీగ మాస్కు, దాని మీద గాజుగుడ్డ మడతలు. ముక్కూ నోరూ మీద పెట్టి సీసాలోంచి చుక్క చుక్క వేసేవాళ్లు. కళ్ల మీద తడి గుడ్డ కప్పాలి, లేకపోతే మండుతాయి. రోగిని ఒకటి రెండు లెక్కపెట్టమంటాం. ఇరవై దాకా బాగానే లెక్కపెడతారు, ఆ తర్వాత మొదలవుతుంది అసలు తమాషా. కాళ్లు కొట్టేవాళ్లు, బూతులు తిట్టేవాళ్లు, ఒకాయనైతే మల్లన్నా మల్లన్నా అంటూ శ్రీశైలం కొండెక్కుతున్నట్టు టేబుల్ మీదనే నడిచాడు. నలుగురం పట్టుకునేవాళ్లం. ఆ గట్టు దాటాక చిన్నపిల్లల్లా నిద్రపోయేవాళ్లు.

లేచాక వాంతులు. ఒకటే వాంతులు. మర్నాడు కూడా ఒంట్లోంచి ఆ వాసన వస్తూనే ఉండేది. మా చీరలకు కూడా పట్టేది, ఇంట్లో పిల్లలు దగ్గరికి వచ్చేవాళ్లు కాదు.

ఉగ్గాని_బజ్జి
అమ్మా, సినిమాల్లో కర్చీఫ్ ముక్కుకు పెట్టగానే హీరోయిన్ పడిపోతుంది కదా, మీరేమో నలుగురు పట్టుకున్నామంటున్నారు.

సిస్టర్_కర్నూలు
సినిమావాళ్లు చెప్పేది క్లోరోఫామ్. దానికి కూడా కొన్ని నిమిషాలు పడుతుంది నాయనా. అంత తొందరగా పడిపోయేదైతే మేం ఇంటికి తొందరగా వెళ్లేవాళ్లం.

మత్తు_డాక్టర్
సిస్టర్ చెప్పిన "కాళ్లు కొట్టే" దశనే మేం రెండో స్టేజ్ అంటాం. ఆర్థర్ గ్వెడెల్ అని అమెరికా డాక్టరు, మొదటి ప్రపంచ యుద్ధంలో చిన్న ట్రైనింగ్‌తో మత్తు ఇవ్వాల్సినవాళ్లకు అర్థమవ్వాలని ఊపిరి, కనుపాప, కండరాల పట్టు చూసి ఎంత లోతులో ఉన్నారో చెప్పే చార్టు తయారుచేశాడు. ఇప్పటి మందుల్లో ఆ స్టేజీలు కనబడేలోపే దాటిపోతాయి, అయినా మా పీజీ పరీక్షల్లో అడుగుతారు.

ఈథర్ అంతకాలం నిలబడ్డానికి అసలు కారణం, ఊపిరి ఆగదు, గుండె సులభంగా ఆగదు. కొత్తవాళ్ల చేతిలో కూడా రోగి బతికేవాడు. క్లోరోఫామ్ వాసన తియ్యగా ఉంటుంది, అంటుకోదు, తొందరగా పనిచేస్తుంది, కానీ గుండెను ఉన్నట్టుండి ఆపేస్తుంది. 1847 నవంబర్లో ఎడిన్‌బరోలో సింప్సన్ దాన్ని మొదలుపెట్టాడు, 1848 జనవరికే హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోబోయి చనిపోయింది. అయినా 1853లో విక్టోరియా రాణి కాన్పుకి జాన్ స్నో క్లోరోఫామే ఇచ్చాడు, దాంతో బ్రిటిష్ వాళ్లందరికీ అదే ఫ్యాషనైపోయింది. మనమూ వాళ్ల వెనకే.

తుంగభద్ర_తీరం
ఇక్కడ మన హైదరాబాద్ ముచ్చట చెప్పకపోతే ఎట్లా. క్లోరోఫామ్ గుండెను ఆపుతుందా, ఊపిరినా అని ఇంగ్లండ్‌లో డాక్టర్లు కొట్టుకుంటుంటే, ఎడ్వర్డ్ లారీ అని హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ కూడా, ఊపిరి చూసుకుంటే చాలు గుండెకేమీ కాదు అని వాదించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి 1888లో ఒకటి, 1889లో ఒకటి కమిషన్లు వేయించాడు. రెండో దానికి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. వందల కుక్కల మీద, కోతుల మీద పరీక్షలు చేసి లారీ మాటే నిజమన్నారు. లారీ దగ్గర చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. ఆ పేరు పెట్టమనండి మీ క్విజ్‌లో.

మత్తు_డాక్టర్
@తుంగభద్ర_తీరం రూపాబాయి సంగతి వందశాతం ఒప్పుకుంటా. కానీ కమిషన్ చెప్పింది తప్పని తర్వాత తేలింది, అదీ రాయాలి. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసి, తక్కువ మోతాదు క్లోరోఫామ్‌లో గుండె గిలగిల కొట్టుకుని ఆగిపోతుందని చూపించాడు. అప్పటికి ఇరవై ఏళ్లు మనవాళ్లు ధైర్యంగా ఇస్తూనే ఉన్నారు.

తుంగభద్ర_తీరం
తప్పు తేలినా ఆ రోజుల్లో అంత పెద్ద పరీక్ష జరిగింది హైదరాబాద్‌లో. నిజాం ఖర్చుతో. అది తీసిపారేయడానికి లేదు.

కొండారెడ్డి_బురుజు
నాకొక డౌట్. ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుందని చదివా. మన కర్నూలులో ఏప్రిల్ మేలో నలభై రెండు మామూలు. మరి సిస్టర్ గారూ, సీసాలో మిగిలేదేంటి?

సిస్టర్_కర్నూలు
మంచి ప్రశ్న నాయనా. ఎండాకాలం మూత తీస్తే బుస్సుమనేది. సీసాను చల్లనీళ్ల గిన్నెలో పెట్టుకుని, అవసరమైనంతే తీసేవాళ్లం. పెద్ద కేసులు పొద్దున్నే పెట్టుకునేది కూడా అందుకే. గుడ్డ మీద పడ్డది పడ్డట్టే ఎగిరిపోతుంటే రోగికంటే ముందు మాకే కళ్లు తిరిగేవి. జ్వరంతో వచ్చిన పిల్లలకి ఎండల్లో ఈథర్ అంటే మా సార్‌కి టెన్షన్, ఫిట్స్ వస్తాయని.

ఇంకోటి, నైలాన్ చీర కట్టుకుని థియేటర్లోకి అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పక్క గదిలో స్టవ్ దాకా పోతుంది.

మత్తు_డాక్టర్
సిస్టర్ చెప్పిన ఫిట్స్ పుస్తకాల్లో కూడా ఉన్నాయి, ఈథర్ కన్వల్షన్స్ అనే పేరుతో. ఎండకి, జ్వరానికి సంబంధం ఉందనే రాశారు.

ఈ వేడి బాధ పోవడానికే ఆక్స్‌ఫర్డ్‌లో ఎప్స్టీన్, మకింటోష్ కలిసి ఈఎంఓ అనే పెట్టె చేశారు, ఈథర్‌ని ఆవిరి చేసి రోగికి అందించేది. చుట్టూ నీళ్లు, వేడిని బట్టి సర్దుకునే మూత, కరెంటు అక్కర్లేదు, ఆక్సిజన్ సిలిండర్ లేకపోయినా మామూలు గాలితో నడుస్తుంది. పల్లెల్లో ఆపరేషన్ క్యాంపులకు దేవుడిచ్చిన వస్తువు అది.

చివరికి ఈథర్‌ని ఓడించింది నిప్పే. కరెంటుతో రక్తనాళాలు మాడ్చే మెషిన్లు థియేటర్లోకి వచ్చాక అంటుకునే మందు పక్కన పెట్టుకోలేరు కదా. మన కర్నూలు మెడికల్ కాలేజీ మొదలైన 1956లోనే ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లో హాలోథేన్ అనే కొత్త మత్తుమందు మనుషుల మీద వాడారు. అది అంటుకోదు, వాసన తియ్యగా ఉంటుంది. తమాషా ఏంటంటే ఈరోజు నేనిచ్చే ఐసోఫ్లురేన్, సెవోఫ్లురేన్ రసాయనపరంగా ఈథర్ కుటుంబమే, ఫ్లోరిన్ తగిలించారంతే.

అనంత_చెనక్కాయ
మా ల్యాబులో చెనక్కాయల్లో నూనె శాతం తీయడానికి రోజూ ఈథరే. సాక్స్‌లెట్ గొట్టంలో పిండి వేసి, కింద ఈథర్ మరిగిస్తే అది పైకెక్కి చల్లారి పిండి మీద పడి నూనె లాక్కొస్తుంది. మాకెవరికీ నిద్ర రాలేదు ఇంతవరకు.

మత్తు_డాక్టర్
@అనంత_చెనక్కాయ సీసా మీద పెట్రోలియం ఈథర్ అని ఉంటే అది వేరే. పెట్రోల్ నుంచి తీసిన తేలిక నూనెలే, అందులో ఈథర్ అణువు ఒక్కటి కూడా ఉండదు. కానీ అంటుకోవడంలో మాత్రం ఏమీ తీసిపోదు, జాగ్రత్త.

అనంత_చెనక్కాయ
చూసినా. పెట్రోలియం ఈథరే.

ఫిజిక్స్_మేష్టారు
ఇంతసేపూ డాక్టర్లే మాట్లాడారు. మాకూ ఒక ఈథర్ ఉండేది, దాని అంత్యక్రియలు ఇంకా గొప్పగా జరిగాయి.

శబ్దానికి గాలి కావాలి, అలకి నీళ్లు కావాలి, మరి కాంతి అల అయితే అది పాకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని పంతొమ్మిదో శతాబ్దం అంతా ఈథర్‌ని నమ్మింది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవాలంటే అది ఉక్కు కన్నా గట్టిగా ఉండాలి, గ్రహాలు అడ్డం లేకుండా తిరగాలంటే గాలికన్నా పలచగా ఉండాలి. ఈ రెండూ ఒకే వస్తువుకి ఎట్లా సాధ్యమని తలలు పట్టుకున్నారు, కానీ వదల్లేదు.

భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంది. అంటే ఈథర్‌లో మనకు ఎదురుగాలి తగలాలి. 1887లో క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ ఒక కాంతి కిరణాన్ని రెండుగా చీల్చి, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి పంపి మళ్లీ కలిపారు. పెద్ద రాతి పలక మీద అద్దాలు పెట్టి, ఆ పలకను పాదరసంలో తేలించి, మెల్లగా తిప్పుతూ చూశారు. ఎదురుగాలి ఉంటే, కిరణాలు కలిసిన చోట కనపడే వెలుగు చీకటి పట్టీలు 0.4 పట్టీ మేర జరగాలి. అందులో చిన్న వంతు కూడా జరగలేదు.

కడప_కారం
ఆ పలక కడప బండేనా మేష్టారూ?

ఫిజిక్స్_మేష్టారు
ఇసుకరాయి. కడప బండ అయ్యుంటే మన మంత్రులు ఈపాటికి విగ్రహం పెట్టించేవాళ్లు.

కొండారెడ్డి_బురుజు
మరి అప్పుడే ఈథర్ లేదని ఒప్పుకున్నారా?

ఫిజిక్స్_మేష్టారు
ఎక్కడ? కదిలే వస్తువులు కొంచెం కుంచించుకుపోతాయి, అందుకే తేడా కనపడలేదు అని ఫిట్జెరాల్డ్, లోరెంజ్ సర్దిచెప్పారు. 1905లో ఐన్‌స్టీన్ వచ్చి ఈథర్ అవసరమే లేదు పక్కన పెట్టండి అన్నాడు. మైకెల్సన్ మాత్రం చివరిదాకా దాన్ని మనసులోంచి తీయలేకపోయాడు. 1907లో నోబెల్ వచ్చింది, ఈథర్‌ని చంపినందుకు కాదు, కాంతి పరికరాలకు.

తుంగభద్ర_తీరం
మన పంచభూతాల్లో ఆకాశం కూడా ఇదే కదా మేష్టారూ? మనవాళ్లు ముందే చెప్పారు.

ఫిజిక్స్_మేష్టారు
కాదు. వైశేషిక దర్శనంలో ఆకాశం గుణం శబ్దం. వీళ్లు వెతికింది కాంతికి. రెండిటినీ కలిపితే రెండూ అర్థం కావు. మీకు కావాలంటే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన ఐదో పదార్థంతో పోల్చుకోండి.

ఉగ్గాని_బజ్జి
మా ఆఫీసులో ఈథర్‌నెట్ కేబుల్ పోయి పొద్దుట్నించి పని లేదు. దానికీ వీళ్లే బాధ్యులా?

ఫిజిక్స్_మేష్టారు
కొంతవరకు. 1973లో బాబ్ మెట్కాఫ్ ఆ పేరు పెట్టింది కాంతి ఈథర్‌ని తలుచుకునే.

గండికోట_గాలి
సీరియస్ ప్రశ్న. నేను కడప జిల్లాలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్ని. స్టోర్ రూంలో వెనక అరలో ముదురు రంగు సీసా ఒకటి దొరికింది, డైఇథైల్ ఈథర్ అని లేబుల్, సంవత్సరం చెరిగిపోయింది. మూత చుట్టూ తెల్లగా చక్కెర పలుకుల్లా కట్టింది. కడిగేసి పారబోద్దామనుకుంటున్నా. ఏమన్నా అవుతుందా?

ఫిజిక్స్_మేష్టారు
ముట్టుకోవద్దు.

మత్తు_డాక్టర్
@గండికోట_గాలి మూత తిప్పొద్దు, సీసా కదిలించొద్దు, తుడవొద్దు. ఈథర్ గాలీ వెలుతురూ తగిలి పాతబడితే పెరాక్సైడ్లు కడతాయి. ఆ తెల్ల పలుకులు అవే అయ్యే అవకాశం ఉంది. మూత రాపిడికే పేలిపోయిన కేసులు చాలా ఉన్నాయి. గదిలో లైటు స్విచ్చి కూడా ముట్టుకోకుండా బయటికి వచ్చెయ్. ప్రిన్సిపాల్‌కి చెప్పు, ఫైర్ వాళ్లకి ఫోన్ చేయించు, పెరాక్సైడ్ అనే మాట తప్పకుండా చెప్పమను, లేకపోతే మామూలు సీసా అనుకుని చేత్తో ఎత్తుకుపోతారు.

సిస్టర్_కర్నూలు
మేం తెరిచిన సీసా ఎక్కువ రోజులు ఉంచేవాళ్లం కాదు బాబూ, ఇందుకే. పిల్లలెవరన్నా ల్యాబ్‌లో ఉన్నారా?

గండికోట_గాలి
ఉన్నారు, పంపించేశా. స్టోర్ తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నా. ప్రిన్సిపాల్ సార్ ఫైర్ స్టేషన్‌కి ఫోన్లో ఉన్నారు, పెరాక్సైడ్ స్పెల్లింగ్ అడుగుతున్నారు.